కొనని అనాసపండు

పొద్దున్నే మిల్లు వాసన వచ్చింది.
గాలి నాగావళి మీంచి ఇటు తిరిగిందంటే
రాయగడ అంతా మురిగిన గుడ్డే.
కొత్తేమీ కాదు, ఆరేళ్ళుగా పీలుస్తున్నాను.
ఇవాళ మాత్రం పళ్ళపొడి నోట్లో ఉండగానే
పెరటిగోడ పట్టుకుని వంగిపోయాను.
పచ్చటి పసరు, కాసిని నీళ్ళు,
కళ్ళలోంచి ఇంకొన్ని.

ఎవరి నేరమో లెక్కేశాను.
గురువారం మినతి నానీ పెట్టిన పఖాళం,
దాని పక్కన కాల్చిన ఎండుచేప,
నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాను.
శుక్రవారం కోర్టు గేటు దగ్గర గుప్‌చుప్‌లు,
ఆ కుండలోవి ఏ కుళాయి నీళ్ళో.
లేదా
తలుపు వెనక ఒడియా క్యాలెండర్లో
రావలసిన రోజు మీద పెన్సిల్ చుక్క,
దాన్ని దాటి తొమ్మిది గళ్ళు.

కడుపు అనే మాట ఎవరు కట్టారో గానీ
ఒక్క గదే కట్టారు.
అన్నం అరక్కపోయినా కడుపే,
మనిషి మొదలైనా కడుపే.
మందుల షాపులో బిసోయి బాబు కళ్ళద్దాల మీంచి
"పేటొ ఖరాపొ కి?" అన్నాడు.
ఒడియాలోనూ అంతే, అదే గది.
అవునన్నాను.
ఓమ నీళ్ళ సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు.
వాంతి మాత్రల అట్ట కత్తిరించబోతే
"అది వద్దు" అన్నాను, చెయ్యి అడ్డం పెట్టి,
మరీ గట్టిగా.
ఆయన ఏమీ అడగలేదు.
పొడుగాటి పెట్టె ఒకటి పాత పేపర్లో చుట్టి
పొట్లాల కింద దూర్చి
దాని డబ్బులు మాత్రం విడిగా, మెల్లిగా చెప్పాడు.

పోయినేడు పదకొండో రోజుకే నోరాగక
ఫోన్లో మా అత్త గవరమ్మకి చెప్పేశాను.
పార్వతీపురం నుంచి మర్నాటి పాసింజరుకే దిగింది,
సున్నుండల డబ్బాతో.
రైల్వే క్వార్టర్లలో ఇరవై రెండు గుమ్మాలెక్కి పంచింది.
ఆ సాయంత్రమే
స్నానాల గదిలోంచి బయటికి రాలేక
కుళాయి తిప్పి వదిలేసి కూర్చున్నాను.
మిగిలిన నాలుగు ఉండలు
ఎవరూ తినలేదు, ఎవరూ పారెయ్యలేదు,
చీమలే తేల్చాయి.
వెళ్తూ "నీ తప్పేటుందమ్మా" అంది.
అనకపోయినా బాగుండేది.

జిరాక్సు షాపులో ఇవాళ
జనన పత్రాలే నలభై ఆరు కాపీలు.
బళ్ళు తెరిచే కాలం.
మిషన్లోంచి వచ్చే వేడి కాగితం వాసన
ఎన్నడూ లేనిది ముక్కుకి తగిలింది.
ఇదీ ఆ మిల్లుదే కదా,
వెతుక్కుంటూ షాపు దాకా వచ్చింది.
లోపల ఒక బుడగ. ఆగి, ఇంకొకటి.
ఇంత తొందరగా ఏదీ కదలదని తెలుసు. గ్యాసే.
తెలిసీ చెయ్యి వేసుకుని కూర్చున్నాను,
ఎవరో తల్లిపేరు గడిని గాజు మీద బోర్లించి.

సాయంత్రం సంతలో
కొండ దిగి వచ్చిన డొంగ్రియా మనిషి
కొప్పులో చిన్న కత్తి, ముందర అనాసపళ్ళ గుట్ట.
రోజంతటికీ అప్పుడు ఊరింది నోరు.
ఒకటి తీసి చేత్తో బరువు చూసి
తిరిగి పెట్టేశాను.
ఆమె నా మొహంలోకి చూసి నవ్వి
కువిలో ఏదో అంది.
నాకు కువి రాదు.
దీవించిందో, వెక్కిరించిందో, రేటే తగ్గించిందో.

తవిటినాయుడుది రాత్రి డ్యూటీ,
టిట్లాగఢ్ దాకా గూడ్సు. మధ్యలో ఫోను.
"తిన్నావేటి?"
"మజ్జిగన్నం."
"కడుపెలాగుంది?"
ఏ కడుపు అనబోయి
"పర్లేదు" అన్నాను.

పొద్దుటి మొదటి నీళ్ళే కావాలట.
పెట్టె మీది బొమ్మల్లో ఒక గీత, రెండు గీతలు.
చోడిపిండి డబ్బా వెనక దాచాను,
పక్కనే ఓమ నీళ్ళు.
రెండిట్లో ఏదో ఒకటి వృథా.
అర్ధరాత్రి దాటింది. దాహం.
తాగితే మధ్యలో లేవాలని తాగలేదు.
గాలి తిరిగింది, మిల్లు వాసన లేదు,
అయినా
తిప్పుతూనే ఉంది.